గాజుసీసాల్లో చుక్కల దారి

"మా మరదలు కాదని తేల్చండి," అన్నారు వదినగారు, నేను కుర్చీలో సరిగ్గా సర్దుకోకముందే.

"ఒకవేళ ఆ అమ్మాయే అయితే?"

ఆవిడ కిటికీలోంచి గ్రీన్‌హౌస్ వైపు చూశారు. "అయితే ఆ మాట మీ నోటితోనే చెప్పండి. ఆ ఇన్‌స్పెక్టర్ నోటితో వింటే నేను తట్టుకోలేను."

నేను ఆవిడను వదినగారని రాయడం చూసి ఎవరూ చుట్టరికం కలపక్కర్లేదు. ఇంటి కింది అంతస్తులోని టిష్యూ కల్చర్ ల్యాబు ఆవిడది. దాన్ని రోజువారీ నడిపేది ఆవిడ తమ్ముడి భార్య. ఆ అమ్మాయి ఈవిడను 'వదినా' అని పిలుస్తుంది. పనివాళ్ళకీ అదే అలవాటైపోయింది, గంట తిరక్కుండా నా నోటికీ అదే అంటుకుంది. తమ్ముడు మొక్కల లోడుతో పొరుగూరు వెళ్ళాడు. తన భార్య మీద కేసు కడుతున్నారని అతనికింకా ఎవరూ చెప్పలేదు.

సంగతేమిటంటే, ఈ చుట్టుపక్కల వెనిల్లా తీగలన్నీ వేరుకుళ్ళుతో చచ్చిపోతుంటే, వీళ్ళ షెడ్డులో ఒక్క తీగ మాత్రం చెక్కుచెదరకుండా నిలబడింది. దాని కణుపు ముక్కలు కోసి, కడిగి, సీసాల్లో జెల్లీ లాంటి మేత మీద నాటారు. ఒక్కో ముక్కా పిలకలు వేస్తుంది, పిలకల్ని విడదీసి మళ్ళీ సీసాల్లో పెడతారు. అలా ఒక్క తీగకి గదినిండా పిల్లలు. తర్వాత గాలివానకి చెట్టుకొమ్మ విరిగిపడి తల్లి తీగ నుజ్జయిపోయింది. మిగిలినవి ఆ సీసాలే. ఇప్పుడు వాటికి బూజు పట్టింది. పైగా వెనక ర్యాకులోని సీసాలు మొత్తం మాయం.

"అవి పోతే ఆ తీగ ఇక లేదన్నమాటే," అన్నారు వదినగారు. గొంతు గట్టిగానే ఉంది, చేతులు మాత్రం చీరకొంగును నలిపేస్తున్నాయి.

"బూజు పట్టాక లోపలికి వెళ్ళి చూశారా?"

"గుమ్మంలోంచి చూశా. చాలనిపించింది. మళ్ళీ ఆ గది మొహం చూడలేదు."

"బాగున్నప్పుడు చివరిసారి ఎప్పుడు చూశారు?"

ఆవిడ మొహంలో కాస్త వెలుగొచ్చింది. "వ్యవసాయశాఖ అధికారులు వచ్చినరోజు. ఆ రోజు మనసు ఎంత హాయిగా ఉందో! పొద్దున్నే గ్రీన్‌హౌస్‌లో ఇంకా కుళ్ళు సోకని మామూలు తీగలకి పూలు విచ్చుకున్నాయి. వెనిల్లా పువ్వు ఒక్క పూటే ఉంటుందండీ, మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆలోపు సన్నటి పుల్లతో పుప్పొడి మనమే అంటించాలి, లేకపోతే కాయ కట్టదు. నేను ఆ పనిలో ఉండగానే వాళ్ళు చెప్పాపెట్టకుండా దిగారు. పరిగెత్తుకెళ్ళి చూపించా. వాళ్ళని లోపల అడుగు పెట్టనిస్తానా? గుమ్మంలోనే నిలబెట్టి, పక్క ర్యాకు పై అరలోంచి ఒక్కొక్క సీసా నేనే తీసి చూపించాను. ఎక్కడా చిన్న మచ్చ లేదు. శభాష్ అని వెళ్ళారు."

"ఆ తర్వాత?"

"వారం తిరక్కుండా మొత్తం మునిగింది."

చేతులు కడుక్కోవాలని లేచాను. "కింద బాత్రూం వాడుకోండి," అన్నారు. "మేడమీద దాంట్లో కుళాయి పాడైందని మరదలు తాళం వేసింది. ప్లంబర్‌కి కబురు పెట్టానంటుంది. ఆ మహానుభావుడు ఇంకా ఊడిపడలేదు."

వరండాలోకి రాగానే ఇన్‌స్పెక్టర్ ఎదురయ్యాడు. నేను పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో నా కింద పనిచేసినవాడే. తెలివి తక్కువేం కాదు, ఓపిక తక్కువ. స్టేషన్లో అందరం అతన్ని హడావిడి అని పిలిచేవాళ్ళం. నన్ను వాళ్ళేమనేవాళ్ళో కూడా నాకు తెలుసు.

"ఏం భూతద్దం అక్కా, మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"నీ దగ్గరకి పరిగెత్తక్కర్లేదు కనక బాగానే ఉన్నాయి."

"శ్రమపడకు. కేసు అయిపోయింది. పోటీ ల్యాబువాళ్ళు ఆ అమ్మాయికి ఫోన్ చేశారు, ఉద్యోగం ఇస్తామన్నారు. వెనక ర్యాకు సీసాలు ఎత్తుకెళ్ళి వాళ్ళకిచ్చింది. మిగతావాటికి బూజు అంటించింది. ఇక ఆ తీగ లోకంలో వాళ్ళ దగ్గరే ఉంటుంది. సాయంత్రం తీసుకెళ్తున్నా."

"ఉద్యోగానికి ఒప్పుకుందా?"

"ఒప్పుకోలేదంటోంది. దొంగ ఒప్పుకుంటుందా? ఇంకో సంగతి విను. రోజూ మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో తలస్నానం చేస్తోందట, పనామె చెప్పింది. సాక్ష్యం కడుక్కుంటోంది అక్కా!"

"రోజూనా? కడిగినకొద్దీ అంటుకునే సాక్ష్యం ఏమిటయ్యా అది?"

అతను నవ్వలేదు. సీలు తీసి సీసాల గది తలుపు తెరిచాడు.

తలుపు మీద ఎర్ర అక్షరాలతో ఒక బోర్డు ఉంది. 'గ్రీన్‌హౌస్‌లోకి వెళ్ళినవారు స్నానం చేసి బట్టలు మార్చుకోనిదే లోపలికి రారాదు. ఎంతటివారైనా సరే.' చివరి మాట కింద రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి.

"కొత్త పెళ్ళికూతురి గదికి కూడా ఇంత కాపలా ఉండదు," అన్నాడు హడావిడి.

లోపల వరసగా ఇనప ర్యాకులు, ప్రతి అరకీ ట్యూబులైటు, అరనిండా గాజుసీసాలు. ఒక్కో సీసాలో వేలెడేసి పచ్చటి పిలకలు. వాటి కాళ్ళ దగ్గర తెల్లగా, నల్లగా, అక్కడక్కడా ఆకుపచ్చగా బూజు. ఆవిడ గుమ్మంలోనే ఎందుకు ఆగిపోయారో అర్థమైంది.

సానుభూతి తర్వాత, ముందు పని. గుమ్మం పక్క ర్యాకు నుంచి మొదలుపెట్టి లోపలికి నడిచాను. గుమ్మం పక్కన పై అర పూర్తిగా పోయింది. దాని కిందిది దాదాపు అంతే. మధ్య ర్యాకుల్లో సగం సగం. లోపలికి వెళ్ళేకొద్దీ బూజు పలచబడింది. చివరి ర్యాకు ఖాళీ. దాని మీద వేలు రాస్తే దుమ్ము లేదు, స్పిరిట్ వాసన వచ్చింది.

"ఇందులో ఏ సీసాలు ఉండేవి?"

"అన్నిటికన్నా చిన్నవి. కొత్తగా విడదీసిన పిలకలట."

"మట్టిలో నాటడానికి సిద్ధమైన పెద్ద మొక్కలు?"

"అవి మధ్య ర్యాకులో ఉన్నాయి కదా." చెబుతూనే అతని కనుబొమలు కొంచెం ముడిపడ్డాయి.

"పంట వదిలేసి నారు ఎత్తుకెళ్ళిన దొంగని ఇప్పుడే చూస్తున్నా," అన్నాను. మూలనున్న చెత్తబుట్ట వంచాను. లోపల నాలుగు అట్టగొట్టాలు దొర్లాయి. సీసా మూతల చుట్టూ బిగించే సాగే ప్లాస్టిక్ పట్టీ చుట్టలవి, పూర్తిగా వాడేసినవి. ఈ గదిలో మిగిలిన సీసాల మూతలకి మాత్రం ఒక్కదానికీ పట్టీ లేదు.

"దీన్ని బట్టి ఏం తేలింది?" అన్నాడు విసుగ్గా.

"ఎత్తుకెళ్ళినవాళ్ళు ముందు ఒక్కో సీసాకీ కూర్చుని కట్టు కట్టారని తేలింది. దొంగకి అంత తీరిక ఉండదు."

చివరికి నా పేరు నిలబెట్టుకుందామని సంచీలోంచి భూతద్దం తీశాను. మధ్య ర్యాకులో అప్పుడే బూజు మొదలైన సీసా ఒకటి వెలుతురుకి పట్టుకుని చూశాను. జెల్లీ మీద బూజు పరుచుకోలేదు. చిన్న చిన్న చుక్కలుగా, వంకర తిరుగుతూ, మూత దగ్గర్నుంచి మొక్క వరకూ ఒక వరస. పాత చీరల్ని కలిపి బొంత కుట్టేటప్పుడు వేసే దూరపు కుట్టులా ఉంది. ఆ కుట్టు కొసన తెల్లటి నలుసు ఒకటి ఉంది. ఊపిరి బిగబట్టి చూశాను. నలుసు కదిలింది.

"బూజు ఎవరో చల్లితే అన్ని సీసాల్లో ఒకేసారి పూయాలి," అన్నాను. "ఇది గుమ్మం దగ్గర మొదలై లోపలికి నడిచింది."

"బూజుకి కాళ్ళుంటాయా అక్కా?"

"బూజుకి లేవు. దీనికున్నాయి." అద్దం అతని చేతికిచ్చాను.

అతను చూశాడు. అటూ ఇటూ తిప్పి మళ్ళీ చూశాడు. ఒప్పుకోవడం ఇష్టం లేనప్పుడు అతను చేసే పని ఒక్కటే, ఇంకో చోట సోదా చెయ్యడం. "పురుగు సంగతి పురుగుల డాక్టరు చూసుకుంటాడు. నాకు కావలసింది సీసాలు. ముందు గ్రీన్‌హౌస్, తర్వాత ఇల్లు, అంగుళం వదలను," అంటూ బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

మరదలు వెనక గదిలో ఖాళీ సీసాలు తోముతోంది. ముప్పై ఏళ్ళుంటాయి. కళ్ళ కింద నలుపు చూస్తే రెండు వారాలుగా నిద్ర లేదని తెలుస్తోంది. జుట్టు తడిగా వీపు మీద పరుచుకుని ఉంది. నా చేతిలో సీసా చూడగానే తోమడం ఆపేసింది.

"కదిలే చుక్క ఏమిటమ్మా ఇందులో?"

"నల్లి," అంది వెంటనే. అని నాలుక కరుచుకుంది.

"ఏం చేస్తుందది?"

తప్పించుకోలేనని తెలిసి నెమ్మదిగా చెప్పింది. "మంచాల్లో ఉండే నల్లి కాదండీ, మొక్కల మీద తిరిగే చిన్న పురుగు. గ్రీన్‌హౌస్‌లో ఆకుల మధ్య, తడిమట్టిలో బతుకుతుంది. బూజు తింటుంది. అక్కడ దానివల్ల పెద్ద నష్టం లేదు. సీసాలోకి దూరితే మాత్రం కాళ్ళకి అంటిన బూజుని అడుగడుగునా నాటుకుంటూ పోతుంది. ఒక సీసా అయ్యాక పక్క సీసా. మామూలు మూత దాన్ని ఆపలేదు."

"గదిలోకి ఎలా వచ్చింది?"

"బట్టల మీద."

"ఎవరి బట్టల మీద?"

కుళాయి నీళ్ళు వృథాగా పోతున్నాయి. నేనే కట్టేశాను.

"నా బట్టల మీదే అనుకోండి," అంది చివరికి.

"అనుకోవడానికైతే నన్ను పిలిపించక్కర్లేదు, ఇన్‌స్పెక్టర్ చాలు. నువ్వు రోజుకి రెండు స్నానాలు చేస్తున్న మనిషివి. నీ ఒంటి మీద నల్లి కాదు, దాని నీడ కూడా నిలవదు."

ఆమె తల వంచుకుంది. నాకు ఆ వంచిన తల చూస్తే కోపమూ వచ్చింది, జాలీ వేసింది. నిజం తెలిసినవాళ్ళు నోరు మూసుకుంటే నాబోటివాళ్ళకి ఒళ్ళు మండుతుంది. "సాయంత్రం నిన్ను స్టేషన్‌కి తీసుకెళ్తారు. తెలుసా?"

"ఎన్నాళ్ళు ఉంచుతారండీ?"

"భయమేస్తోందా?"

"అది కాదు. ఎల్లుండి తర్వాత ఎన్నాళ్ళు ఉంచినా పర్లేదు. ఈ రెండ్రోజులూ నేను ఇక్కడ ఉండి చూసుకోకపోతే..." మాట మధ్యలో మింగేసింది.

ఏం చూసుకోవాలి? ఈ ల్యాబులో చూసుకోవడానికి మిగిలిందేముంది? నా బుర్రలో విడివిడిగా పడి ఉన్నవన్నీ ఒక్కసారి దగ్గరికి జరిగాయి. కట్టు కట్టిన సీసాలు. తుడిచిన ర్యాకు. మధ్యాహ్నం స్నానం. రాని ప్లంబరు.

సరిగ్గా అప్పుడే మేడమీద నుంచి దబదబా చప్పుడు. ఎవరో తలుపు బాదుతున్నారు.

ఆమె చేతిలోని సీసా జారి తొట్టిలో పడింది. "అయ్యో! ఆ ఇన్‌స్పెక్టర్ గ్రీన్‌హౌస్ నుంచే వచ్చాడు! ఆపండి, మీ కాళ్ళు పట్టుకుంటా!"

నా మోకాళ్ళ గురించి హడావిడి అడిగిన ప్రశ్నకి ఆ మెట్లే జవాబు చెప్పాయి. పైకి చేరేసరికి ఊపిరి అందడం లేదు. వరండా చివర స్నానాలగది. తలుపు పైనున్న అద్దంలోంచి పట్టపగలు తెల్లగా లైటు వెలుగుతోంది. అద్దం అంచులకి, తలుపు సందులకి టేపు అంటించి ఉంది. హడావిడి టోపీ మీద రెండు తీగాకులు, భుజాన బూడిదరంగు దుమ్ము. తలుపుని భుజంతో తొయ్యడానికి రెండడుగులు వెనక్కి వేశాడు.

మధ్యలోకి వెళ్ళి తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను.

"తప్పుకో అక్కా."

"తప్పుకోను."

"సీసాలు లోపలున్నాయి!"

"ఉన్నాయి. అందుకే తియ్యొద్దంటున్నా."

"నేరాన్ని కాపాడుతున్నావు. నీ మీద కూడా రాస్తాను."

"రాసుకో, తప్పుల్లేకుండా రాయి. కానీ ఈ తలుపు తెరిస్తే మాత్రం రెండో నేరం నీది. నీ టోపీ మీద ఏముందో ఒకసారి తీసి చూడు. కింద గదిలో సీసాల్ని తిన్నది ఆ ఆకుల మీదే కాపురముంటుంది. నేనూ బూజు గదిలోంచే వచ్చాను, నేనూ లోపలికి వెళ్ళను. మనిద్దరం ఇప్పుడు అంటువ్యాధి మనుషులం."

అతను టోపీ తీశాడు. ఆకు వేళ్ళతో పట్టుకుని, కళ్ళు చిట్లించి చూసి, దాన్ని ఎక్కడ పడెయ్యాలో తెలీక అలాగే పట్టుకుని నిలబడ్డాడు. మరదలు గోడకి ఆనుకుని వగరుస్తోంది. ఏడుపు ఆపుకుంటోంది.

"ఏమిటీ గోల?" మెట్ల మీద వదినగారు.

"మీ సీసాలు దొరికాయండీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఆకు ఇంకా చేతిలోనే ఉంది. "మీ ఇంట్లోనే. మీ మరదలే దాచింది."

వదినగారు ఆ అమ్మాయి వైపు తిరిగారు. ఆ చూపు నేను చాలా ఇళ్ళలో చూశాను. కొట్టినా అంత నొప్పి ఉండదు.

"నువ్వా?"

"నేనే వదినా."

"నాకు చెప్పకుండా?"

"ఎలా చెప్పమంటారు?" ఇక ఆగలేదు, మాటలన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. "నల్లి వచ్చిందని తెలిసేసరికి చివరి ర్యాకు ఒక్కటే శుభ్రంగా కనిపించింది. అప్పటికే దూరి ఉండొచ్చు, లేకపోవచ్చు. రెండు వారాలు విడిగా పెట్టి చూస్తే గానీ తేలదు. ఇక్కడ టైల్సు, గుడ్డముక్క లేదు, కడిగి తుడవొచ్చు. అందుకే ఇక్కడ పెట్టి, తలస్నానం చేశాకే లోపలికి వెళ్తున్నా. మీరు మొదటిరోజు ఏడ్చిన ఏడుపు నేను విన్నాను వదినా. బతికున్నాయని చెప్పి, మళ్ళీ వారానికి అవీ పోయాయని చెప్పడం నా వల్ల కాదు. గడువు ఎల్లుండికి అయిపోతుంది. అప్పుడు చెబుదామనుకున్నా."

"బతికున్నాయా?" వదినగారికి అదొక్కటే వినబడింది. "బతికే ఉన్నాయా?"

"పొద్దున కూడా ఒక్కొక్కటీ చూశాను. ఒక్క సీసాలోనూ చుక్క లేదు."

నా గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. హడావిడి కూడా గట్టిగా ఊపిరి వదిలాడు, తర్వాత వదల్లేదన్నట్టు దగ్గాడు.

"తియ్యి. నేను చూడాలి," అంటూ వదినగారు నన్ను దాటుకుని వచ్చి గొళ్ళెం మీద చెయ్యి వేశారు.

మరదలి చెయ్యి ఆపడానికన్నట్టు సగం లేచింది. లేచి, అక్కడే ఆగిపోయింది. నేను చెబుదామని నోరు తెరిచాను. ఏ నిజమైనా నా నోటితోనే చెప్పమని పొద్దున ఆవిడే అన్నారు కదా. కానీ నాకు ఆ అవసరం రాలేదు.

వదినగారు గొళ్ళెం మీదున్న తన చేతినే చూస్తున్నారు. జాకెట్టు చేతి అంచున పసుపురంగు పుప్పొడి మరక ఉంది. ఇవాళ పొద్దున పూసిన పూలది. ఆవిడ చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నారు. ఒక అడుగు వెనక్కి వేశారు, ఇంకో అడుగు వేశారు.

"అధికారులు వచ్చినరోజు..." అన్నారు మరదలి వైపు చూడకుండా. "నేను గ్రీన్‌హౌస్‌లోంచి పరిగెత్తుకొచ్చా. పైన తెల్లకోటు ఒకటి తగిలించుకున్నా. గుమ్మం పక్క ర్యాకు, పై అర... నేను ఆ రోజు స్నానం చేసి వెళ్ళానా?"

హడావిడి నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"చేసే ఉంటారులే వదినా," అంది మరదలు.

అంత మెత్తటి అబద్ధం నా ఉద్యోగంలో నేనెప్పుడూ వినలేదు. వదినగారు అక్కడే నేల మీద కూలబడ్డారు. ఎర్ర అక్షరాల బోర్డు రాసింది ఆవిడే, రెండు గీతలు గీసింది ఆవిడే. ఏడుస్తారనుకున్నాను. ఏడ్చారు కూడా, కానీ మధ్యలో నవ్వు వచ్చి ఆ ఏడుపుని పాడు చేసింది. "అధికారుల్ని గుమ్మంలో ఆపానండీ! అంత జాగ్రత్తగా ఆపాను!" అన్నారు నాతో. మరదలు దగ్గరికి రాబోయి, తను స్నానం చేసి ఉన్నానని గుర్తొచ్చి, రెండడుగుల దూరంలోనే ఆగి నిలబడింది. ఆ దూరం చూసి ఇద్దరూ మళ్ళీ నవ్వారు.

"దీని కోసం జైలుకి వెళ్దామనుకున్నావా పిచ్చిదానా?"

"ఎల్లుండి తర్వాతే కదా వదినా."

హడావిడి గొంతు సవరించుకున్నాడు. "మరి కేసు?"

"ఇంట్లో వస్తువు ఇంట్లోనే ఉంటే దొంగతనం ఏమిటయ్యా?" అన్నాను. "ముందు ఆ ఆకు జేబులో పెట్టుకుని, వచ్చిన దారినే దిగు. దేన్నీ ముట్టుకోకు."

నేను కింద నుంచి స్టూలు తెప్పించాను. వదినగారు దాన్ని తలుపుకి దూరంగా వేయించి, ఎక్కి, మునివేళ్ళ మీద నిలబడి పై అద్దంలోంచి చూశారు. లైటు ఆవిడ మొహం మీద పడింది. పెదవులు కదులుతున్నాయి. సీసాలు లెక్కపెడుతున్నారో, పలకరిస్తున్నారో నాకు తెలీదు.

దిగి నా దగ్గరికి వచ్చారు. "మీ రిపోర్టులో నా పేరే రాయండి. ఏదీ దాచొద్దు. ఆ బోర్డు కింద కూడా రాయిస్తాను, వచ్చినవాళ్ళందరూ చదవాలి." కొంగుతో మొహం తుడుచుకోబోయి, ఆ కొంగు వైపు అనుమానంగా చూసి వదిలేశారు. "అది సరే గానీ, ముందు నేను వెళ్ళి స్నానం చేసొస్తా."

ఆవిడ గబగబా మెట్లు దిగుతుంటే వెనక నుంచి మరదలు, రెండు వారాలుగా ఆ ఇంట్లో వినబడని గొంతుతో, గట్టిగా కేకేసింది.

"వదినా, తల కూడా రుద్దుకోవాలి!"